3,186 రూపాయల అబద్ధం

శుక్రవారం రాత్రి పదకొండు దాటాక మా బాబాయి కూతురు ఫోన్ చేసింది. ఆ టైములో ఇంటివాళ్ల ఫోనొస్తే ఒక్కసారి గుండె గుభేలుమంటుంది కదా. ఎత్తగానే "ఏమైందే?" అన్నాను.

"ఏం కాలేదన్నయ్యా, చిన్న డౌటు. ఇన్సూరెన్స్ ఫారంలో ఎన్‌సీబీ దగ్గర 45 శాతం అని పెట్టేయమంటున్నాడు ఏజెంటు. పెట్టేయనా?"

"నీకు 45 శాతం ఎక్కణ్నుంచి వచ్చింది? కారు కొని నెల కూడా కాలేదుగా నువ్వు."

"నాది కాదు, నాకు కారు అమ్మినాయనది. కారు అదే కాబట్టి డిస్కౌంటు కూడా దాంతోపాటే వస్తుందంట. ఎవరూ చూడరంట."

ఆ 'ఎవరూ చూడరంట' అన్న మాట వినగానే నాకు నిద్ర వదిలిపోయింది. ఎందుకో తర్వాత చెప్తా.

తనకి 24 ఏళ్లు. విజయవాడ అమ్మాయి. గచ్చిబౌలిలో ఉద్యోగం, మణికొండలో ఇద్దరు స్నేహితురాళ్లతో కలిసి అద్దె ఫ్లాటు. రెండేళ్లు దాచుకున్న జీతంతో సెకండ్ హ్యాండ్‌లో ఒక పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ కొంది. 1,197 సీసీ, ఆరేళ్ల బండి. ఆర్‌సీ తన పేరు మీదకి మారిపోయింది. పాత పాలసీ ఆదివారం అర్ధరాత్రితో అయిపోతుంది. అందుకే ఈ హడావుడి.

వాట్సాప్‌లో మూడు కొటేషన్లు పంపింది. థర్డ్ పార్టీ ఒక్కటే అయితే 4,031 రూపాయలు. ఫుల్ ఇన్సూరెన్స్, 45 శాతం ఎన్‌సీబీతో అయితే 7,925. అదే ఫుల్ ఇన్సూరెన్స్, ఎన్‌సీబీ లేకుండా అయితే 11,111.

"మూడోది నా నెల అద్దె అన్నయ్యా" అంది.

రెండోదానికీ మూడోదానికీ తేడా 3,186 రూపాయలు. ఫారంలో ఒక్క గడి మార్చితే చాలు, అంత డబ్బు మిగిలిపోతుంది. ఉద్యోగంలో కొత్తగా చేరిన ఎవరికైనా చెయ్యి లాగుతుంది, నిజం చెప్పాలంటే.

మన వయసుతో పని లేదు

కుర్రకారుకి చవకగా కారు ఇన్సూరెన్స్ ఎలా అని ఇంటర్నెట్‌లో వెతికితే సలహాలు బోలెడు దొరుకుతాయి. మంచి మార్కులు చూపిస్తే డిస్కౌంటు, అమ్మానాన్నల పాలసీలో పేరు చేర్పించుకో, కారులో నీ డ్రైవింగ్‌ని గమనించే పెట్టె పెట్టించుకో... ఇవన్నీ అమెరికా, బ్రిటన్ సలహాలు. అక్కడ డ్రైవర్ వయసు తక్కువైతే ప్రీమియం మండిపోతుంది. ఎమ్మెస్‌కి డాలస్ వెళ్లిన నా క్లాస్‌మేట్ మొదటి కారు కొన్నప్పుడు కారు ధర కన్నా ఇన్సూరెన్స్ గురించే ఎక్కువ ఏడ్చాడు. ఇండియాలో ఎన్నేళ్లు నడిపినా అక్కడివాళ్ల లెక్కలో వాడు కొత్త డ్రైవరే.

మన దగ్గర కథ వేరు. థర్డ్ పార్టీ ప్రీమియం రేటు కేంద్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం 1,000 సీసీ లోపు కారుకి ఏడాదికి 2,094 రూపాయలు. 1,000 నుంచి 1,500 సీసీ దాకా 3,416. ఆ పైన 7,897. ఏ కంపెనీకి వెళ్లినా ఇదే. 22 ఏళ్ల కుర్రాడికీ, 52 ఏళ్ల పెద్దాయనకీ ఇదే. రేటు మారినా అందరికీ ఒకేలా మారుతుంది. కాబట్టి ఇందులో బేరం లేదు.

బేరం ఉన్నదల్లా రెండో ముక్కలో. దాన్ని ఓన్ డ్యామేజ్ అంటారు, అంటే మన బండికి జరిగే నష్టం. దీని ధర ప్రధానంగా బండి మోడలు, వయసు, ఏ ఊరి రిజిస్ట్రేషను, ఎంత విలువకు బీమా చేస్తున్నాం అనేవాటిని బట్టి ఉంటుంది. ఒక్కో కంపెనీ ఒక్కో రేటు చెప్తుంది. మా చెల్లికి వచ్చిన కొటేషన్‌లో ఇది 6,000. దానికి 3,416 కలిపితే 9,416. దానిపై 18 శాతం జీఎస్టీ. మొత్తం 11,111. తనకి 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా విడిగా ఉంది కాబట్టి, ఓనర్ డ్రైవర్‌కి తీసుకోవాల్సిన పీఏ కవర్ లైను ఈ కొటేషన్లలో లేదు. మీకూ అలాంటి పాలసీ ముందే ఉంటే ఆ లైను తీయించుకోవచ్చు. రెండుసార్లు కట్టక్కర్లేదు.

సరే, ఇప్పుడు మూడు కొటేషన్లనీ ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది ఎందుకు వద్దంది?

థర్డ్ పార్టీ అంటే మన బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి బీమా. చట్టం తప్పనిసరి చేసింది దీన్నే. అది కూడా లేకుండా రోడ్డెక్కితే మొదటిసారి 2,000 రూపాయల జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. చాలామంది ఈ జరిమానాకే భయపడతారు. అసలు భయపడాల్సింది దానికి కాదు. మన బండి తగిలి ఒక మనిషి పోతే, పోయిన మనిషి వయసు, సంపాదన, ఆధారపడినవాళ్లు ఎంతమంది అన్నది చూసి ట్రిబ్యునల్ పరిహారం లెక్కగడుతుంది. అది లక్షల్లో ఉంటుంది. బీమా ఉంటే కంపెనీ కడుతుంది, ప్రాణనష్టానికీ గాయాలకీ దానికి పరిమితి లేదు. ఎదుటివాళ్ల ఆస్తి నష్టానికైతే ఏడున్నర లక్షల దాకా. బీమా లేకపోతే బండి ఎవరి పేరు మీద ఉందో వాళ్లే కట్టాలి. బండి నాన్న పేరు మీద ఉంటే నాన్నే. కాబట్టి ఇది ఒక్కరోజు కూడా తెగకూడదు.

కానీ థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే మన బండికి ఒక్క రూపాయి రాదు. దొంగతనం, అగ్నిప్రమాదం, వరద, గుద్దుడు, ఏదైనా మన జేబు నుంచే.

ఇది మా ఇంట్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. బాబాయివాళ్లది విజయవాడ సింగ్ నగర్. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు ఇంటి ముందు పెట్టిన కారు అద్దాల దాకా మునిగింది. నీళ్లు దిగడానికి రోజులు పట్టింది. 'పాత బండికి ఫుల్ ఇన్సూరెన్స్ ఎందుకురా' అని ఆయన అంతకు రెండేళ్ల ముందు నుంచీ థర్డ్ పార్టీ ఒక్కటే కట్టేవాడు. ఏడాదికి నాలుగైదు వేలు మిగిలేది. వరద తర్వాత ఆ కారు తుక్కు ధరకి పోయింది. అదే సందులో ఫుల్ ఇన్సూరెన్స్ ఉన్నాయనకి డబ్బులొచ్చాయి. బాబాయి ఆ ఊసెత్తడు. పిన్నిని ఆస్పత్రికి తీసుకెళ్లాలంటే ఇప్పటికీ ఆటోనే.

అందుకే మొదటి కొటేషన్ గురించి నేను నోరు తెరిచేలోపే చెల్లి అనేసింది: "థర్డ్ పార్టీ ఒక్కటే మాత్రం వద్దన్నయ్యా. నాన్న కారు చూశాను కదా."

థర్డ్ పార్టీ ఒక్కటే ఎవరికి సరిపోతుంది? నా లెక్క సింపుల్. ఈ రాత్రి బండి మాయమైతే, రేపు పొద్దున అప్పు చేయకుండా ఇంకోటి కొనుక్కోగలవా? లేదా అది లేకపోయినా బతుకు ఇబ్బంది లేకుండా సాగుతుందా? అవునంటే థర్డ్ పార్టీ చాలు. రెండేళ్ల జీతం దాచి కొన్న బండికి మాత్రం చాలదు.

రెండోది ఎందుకు వద్దన్నాను?

ఎన్‌సీబీ అంటే నో క్లెయిమ్ బోనస్. ఏడాదంతా క్లెయిమ్ చేయకపోతే మరుసటి ఏడాది ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 20 శాతం తగ్గింపు. అలా వరసగా 25, 35, 45, చివరికి 50 శాతం. చాలామందికి తెలియనిది ఏమిటంటే ఇది బండిది కాదు, మనిషిది. ఓనరు బండి అమ్మేస్తే ఆ బోనస్ ఆయనతోనే వెళ్తుంది, ఆయన కొనుక్కునే తర్వాతి కారుకి వాడుకుంటాడు. కొన్నవాళ్లు సున్నా నుంచి మొదలుపెట్టాలి.

మరి ఫారంలో 45 అని పెడితే ఎవరూ చూడరా? పాలసీ అమ్మేటప్పుడు చూడకపోవచ్చు. క్లెయిమ్ అడిగినప్పుడు మాత్రం పాత పాలసీ, ఆర్‌సీ, తేదీలు అన్నీ చూస్తారు. రివ్యూ లేకుండా మెర్జ్ చేసేసిన కోడ్ లాంటిది ఇది. పేలేది ప్రొడక్షన్‌లోనే. ఎన్‌సీబీ డిక్లరేషన్ పూర్తిగా చదివితే అందులోనే ఉంటుంది: ఇది తప్పని తేలితే సొంత బండి నష్టానికి సంబంధించిన ప్రయోజనాలన్నీ వదులుకుంటానని. మనం టిక్కు పెట్టేది దానికే. 3,186 రూపాయలు మిగుల్చుకుని నాలుగు లక్షల బండికి బీమా లేకుండా చేసుకోవడమన్నమాట. ఫుల్ ఇన్సూరెన్స్ ఉందని ధైర్యంగా తిరుగుతుంటాం, తీరా చూస్తే బాబాయి కారుకీ మన కారుకీ తేడా ఉండదు.

ఏజెంట్లందరూ ఇలా చెప్తారని కాదు. క్లెయిమ్ వచ్చినప్పుడు షెడ్డు దాకా వచ్చి నిలబడేవాళ్లూ ఉన్నారు. కానీ 'ఎవరూ చూడరు' అన్నవాడు ఆరోజు కనపడడు. ఇది నాకు ఎవరో చెప్తే తెలిసింది కాదు.

నాలుగేళ్ల క్రితం నేనూ సెకండ్ హ్యాండ్ కారే కొన్నాను, ఆఫీసులో ఒక సీనియర్ దగ్గర. "పాలసీ ఇంకా ఏడు నెలలు ఉంది, హాయిగా తిరుగు" అన్నాడు. ఆయన మంచి ఉద్దేశంతోనే అన్నాడు. ఆర్‌సీ నా పేరు మీదకి మార్పించుకున్నా, పాలసీ మాత్రం అలాగే వదిలేశా. అయిదు నెలలు హాయిగానే తిరిగాను. ఒక వానాకాలం రాత్రి నిజాంపేట రోడ్డులో బైకు ఒకటి అడ్డమొస్తే తప్పించబోయి డివైడర్‌ని కొట్టాను. బంపర్, బానెట్, రేడియేటర్, ఒక హెడ్‌లైటు. బిల్లు 58,400.

సర్వేయర్ వచ్చాడు, ఫొటోలు తీసుకున్నాడు, కాగితాలు అడిగాడు. వారం తర్వాత ఉత్తరం వచ్చింది. పాలసీ ఎవరి పేరు మీద ఉందో ఆయనకి ఇప్పుడు కారుతో సంబంధం లేదు, కారు ఎవరిదో ఆయనకి పాలసీతో సంబంధం లేదు, కాబట్టి క్లెయిమ్ కుదరదని దాని సారాంశం. నేను గొడవ పడ్డాను. తర్వాత చదువుకుంటే తెలిసింది, తప్పు నాదే. బండి చేతులు మారితే థర్డ్ పార్టీ భాగం చట్టప్రకారం కొన్నవాళ్లకి బదిలీ అయినట్టే లెక్క. సొంత నష్టం భాగం అలా కాదు. బదిలీ జరిగిన 14 రోజుల్లోపు కంపెనీకి తెలియజేసి పాలసీ మన పేరు మీదకి మార్పించుకోవాలి. దానికి నేను చేయాల్సింది ఒక దరఖాస్తు, కొద్దిపాటి రుసుము, సీనియర్ ఎన్‌సీబీ తాలూకు తేడా కట్టడం. అంతే.

బద్ధకించాను. 58,400కి అమ్మ చిట్టీ పాడింది. ఆ చిట్టీ ఇంటి పైకప్పు బాగుచేయించడానికి వేసుకున్నది. "బండిదేముందిరా, నీకేం కాలేదుగా" అంది. ఆ మాటకి నేను ఇంకా చిన్నబోయాను.

అందుకే మా చెల్లికి అంత రాత్రి అంతసేపు క్లాసు పీకాను.

మరి మూడోదాన్ని తగ్గించడం ఎలా?

నా ప్రకారం సూత్రం ఒక్కటే. పోయినా తట్టుకోగలిగిన డబ్బు దగ్గర కోత పెట్టుకో. తట్టుకోలేని దగ్గర పెట్టకు. శనివారం ఇద్దరం ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఇదే పద్ధతిలో చేశాం.

ముందు ఐడీవీ చూశాం. బండి పూర్తిగా పోతే కంపెనీ ఇచ్చే గరిష్ఠ విలువ ఇది. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే కూడా బండి పూర్తిగా పోయినట్టే లెక్క. కొత్త బండికి దీనికో పట్టిక ఉంది, మూడో ఏడాదికి 30 శాతం, అయిదో ఏడాదికి 50 శాతం తరుగుదల. అయిదేళ్లు దాటిన బండికి కంపెనీ, మనం మాట్లాడుకుని నిర్ణయించుకుంటాం. వెబ్‌సైట్లలో ప్రీమియం తక్కువ కనిపించేలా చేసే సులువైన కిటుకు ఐడీవీ తగ్గించడమే. కాబట్టి నాలుగు కంపెనీలనీ ఒకే ఐడీవీ మీద పోల్చాం, నాలుగు లక్షలు. ఒక కంపెనీలో ఓన్ డ్యామేజ్ 6,000 బదులు 5,200 వచ్చింది. అరగంట పని, 800 మిగులు.

తర్వాత వాలంటరీ డిడక్టబుల్. ప్రతి క్లెయిములో మొదటి 1,000 రూపాయలు ఎలాగూ మనమే పెట్టుకోవాలి, 1,500 సీసీ దాటిన కార్లకైతే 2,000. అది కాక 'ఇంకో 5,000 కూడా నేనే భరిస్తా' అని ఒప్పుకుంటే, పాత టారిఫ్ లెక్కలో ఓన్ డ్యామేజ్ మీద 25 శాతం తగ్గింపు, గరిష్ఠంగా 1,500. కంపెనీని బట్టి ఇది కాస్త అటూ ఇటూ ఉండొచ్చు. తనకి 1,300 తగ్గింది. అంటే చిన్న సొట్టకి 6,000 దాకా తన జేబులోంచే. అది తను ఒక నెల జీతంలో సర్దుకోగలదు. నాలుగు లక్షలు సర్దుకోలేదు. ఇది మంచి బేరం.

అసలు చిన్న సొట్టకి క్లెయిమ్ చేయడమే దండగ. ఈ లెక్క చూడండి. బంపర్ 4,000 అనుకుందాం. ప్లాస్టిక్, రబ్బరు భాగాలకి 50 శాతం తరుగు కోస్తారు. మిగిలింది 2,000. అందులో తప్పనిసరి 1,000 మన వాటా. చేతికొచ్చేది 1,000. దాని కోసం ఎన్‌సీబీ సున్నా అయిపోతుంది. 25 శాతం బోనస్, 6,000 ప్రీమియం ఉన్నవాళ్లకి ఆ ఒక్క ఏడాదే జీఎస్టీతో కలిపి 1,770 నష్టం. మళ్లీ అక్కడిదాకా ఎక్కడానికి రెండేళ్లు. కాబట్టి డెంటింగ్, పెయింటింగ్ షాపులో మాట్లాడుకోవడమే నయం.

ఆ తర్వాత యాడ్ ఆన్లు. తాళం పోతే కొత్త తాళం, రోడ్డు మీద ఆగిపోతే సాయం... ఒక్కోటీ చిన్న మొత్తమే, అన్నీ కలిపితే చాంతాడంత. పోతే మనమే భరించగలిగినవి తీసేశాం. జీరో డిప్రిసియేషన్ మాత్రం కొత్త బండి ఉన్నవాళ్లు తీసుకోవాల్సిందే అంటాను. మనవాళ్లు బంపర్ టు బంపర్ అనేది దాన్నే. అది ఉంటే పైన చెప్పిన 50 శాతం కోత ఉండదు. బండి పాతబడేకొద్దీ అది దొరకడం కష్టం. ఆరేళ్ల బండికి ఇనుప భాగాల మీద కూడా 40 శాతం కోత ఉంటుంది. ఇది తనకి ముందే చెప్పాను: నీ పాలసీ సొట్టల కోసం కాదు, బండి పోయిన రోజు కోసం.

వరద సంగతి ప్రత్యేకం. తన బండి ఉండేది సెల్లార్‌లో. ఆగి ఉన్న బండి మునిగితే ఫుల్ ఇన్సూరెన్స్‌లో వస్తుంది. నీళ్లలో ఉన్న బండిని స్టార్ట్ చేసి ఇంజన్ పాడుచేసుకుంటే మాత్రం మామూలుగా రాదు, దానికి ఇంజన్ ప్రొటెక్ట్ యాడ్ ఆన్ ఉండాలి. అది తీసుకున్నా తీసుకోకపోయినా ఒకటి గుర్తుపెట్టుకోండి: మునిగిన బండికి తాళం పెట్టొద్దు. ఫొటో తీసి, కంపెనీకి ఫోన్ చేసి, టోయింగ్ చేయించండి.

లెక్క తేల్చాం. 5,200లో 1,300 పోగా 3,900. దానికి 3,416 కలిపితే 7,316. జీఎస్టీతో 8,633. అబద్ధం చెప్తే 7,925 అయ్యేది. అంటే నిజానికి అయిన అదనపు ఖర్చు 708 రూపాయలు. ఏజెంటు 3,186 అని భయపెట్టింది ఇంతేనన్నమాట.

మీ దగ్గర వేరే పరిస్థితి ఉంటే

కొత్త కారు కొంటుంటే: షోరూం వాడు ఇచ్చే ఇన్సూరెన్సే తీసుకోవాలన్న రూలేమీ లేదు. బయట కొటేషన్ తెచ్చి చూపించండి, చాలాసార్లు అక్కడే రేటు దిగుతుంది. కొత్త కారుకి థర్డ్ పార్టీ మూడేళ్లకి ఒకేసారి కట్టించుకుంటారు, ఓన్ డ్యామేజ్ ఏడాదికే తీసుకోవచ్చు. రెండో ఏడాది ఓన్ డ్యామేజ్ ఒక్కటే మీకు నచ్చిన కంపెనీలో తీసుకోండి. రెండేళ్లు కట్టక్కర్లేదని ఊరుకుంటే ఆ రెండేళ్లూ మీ బండికి ఏమీ లేనట్టే.

నాన్న కారు నడుపుతుంటే: లైసెన్స్ ఉండి, ఆయన అనుమతితో నడిపితే పాలసీ పనిచేస్తుంది, మీ పేరు చేర్పించాల్సిన పని లేదు. కానీ ఓనర్ డ్రైవర్ పీఏ కవర్ ఓనరుకే, మీకు కాదు. మీకు విడిగా ఒక ప్రమాద బీమా ఉండటం మంచిది.

వర్క్ ఫ్రం హోమ్ అయి బండి కదలకపోతే: తిరిగిన కిలోమీటర్లను బట్టి ఓన్ డ్యామేజ్ కట్టే పద్ధతికి ఐఆర్‌డీఏఐ 2022లో దారి తెరిచింది. నెలకి రెండుసార్లు బండి తీసేవాళ్లకి కలిసొస్తుంది. స్లాబు దాటాక ఏమవుతుందో మాత్రం ముందే చదవండి.

రెన్యూవల్ మర్చిపోయి ఉంటే: 90 రోజుల్లోపు చేయించుకుంటే ఎన్‌సీబీ నిలుస్తుంది. అది బోనస్‌కి ఇచ్చిన గడువే, బీమాకి కాదు. ఆ మధ్యలో గుద్దితే ఎవరూ ఇవ్వరు.

తెల్ల నంబర్ ప్లేటు బండిని అద్దెకి తిప్పుతుంటే: ఈఎంఐ కోసం చాలామంది చేస్తున్నారు, నాకు తెలుసు. సొంత వాడకం పాలసీ మీద కిరాయికి తిరిగినప్పుడు దెబ్బ తగిలితే క్లెయిమ్ రాదు.

ఒకవేళ తప్పు మీది కాకుండా క్లెయిమ్ తిప్పికొడితే ఊరుకోకండి. ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. రెండు తెలుగు రాష్ట్రాలకీ ఆ ఆఫీసు హైదరాబాద్‌లోనే. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లోనూ ఫిర్యాదు పెట్టొచ్చు. ఆ ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం కూడా మన నానక్‌రామ్‌గూడలోనే ఉంది. రోజూ దాని ముందు నుంచే ఆఫీసుకి పోతూ, 58,400 పోగొట్టుకునేదాకా అదేమిటో నాకు పట్టలేదు.

ఈ రాత్రి పడుకునే ముందు మీ పాలసీ పీడీఎఫ్ ఒకసారి తెరవండి. మూడే మూడు చూడండి: పేరు ఆర్‌సీలో ఉన్నట్టే ఉందా, ఎన్‌సీబీ అంకె నిజమేనా, గడువు తేదీ ఎప్పుడు. అయిదు నిమిషాలు పట్టదు.

ఆదివారం మధ్యాహ్నం మా చెల్లి పాలసీ వచ్చింది. వెంటనే నాకు పంపింది. కాసేపటికి ఫోన్ చేసింది.

"అన్నయ్యా, ఎన్‌సీబీ దగ్గర సున్నా అని ఉంది. చూస్తుంటే ఏదోలా ఉంది."

"ఉండనీ. వచ్చే ఏడాదికి 20 అవుతుంది. అది ఎవరిదో కాదు, నీది."

"సరే" అంది. తర్వాత, "సంక్రాంతికి బండేసుకుని వెళ్తా. పిన్నిని నువ్వెప్పుడూ ఆస్పత్రికి ఆటోలో పంపించారంటూ ఉంటావుగా, ఈసారి నేనే తీసుకెళ్తా మా అమ్మని" అంది.